మంచు కురిసే ఇంటికి నెలనెలా ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: ఊరికి దూరంగా, ఏడాదిలో ఐదు నెలలు మంచు ఉండే చోట పాత ఇల్లు, కాస్త పొలం కొనుక్కున్నాం. ఇది మూడో చలికాలం. మొదటి ఏడు నీటి పైపు పగిలింది. రెండో ఏడు చూరు దగ్గర నీళ్లు దిగి గోడ తడిసింది. ఈసారి కట్టెల పొయ్యి పొగ ఇంట్లోకి వస్తోంది. ప్రతిసారీ క్రెడిట్ కార్డే దిక్కయింది, రెండు నెలల ఇంటి ఖర్చంత బాకీ ఉంది. చలికాలంలో మావారికి పని సగానికి తగ్గుతుంది. ఇప్పుడు ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఒక్కసారిగా చేతికొచ్చింది. పైకప్పు మార్చాలా, కిటికీలు మార్చాలా, ఇల్లే అమ్మేయాలా?

జవాబు: లెక్కల కంటే ముందు ఒక మాట. పొగగొట్టం శుభ్రం చేయించేదాకా ఆ పొయ్యి వెలిగించకండి. సరిగా ఎండని కట్టెలు మండితే తారులాంటి మసి గొట్టం లోపల పేరుకుంటుంది, దానికే నిప్పంటుకోవచ్చు. పొగ ఇంట్లోకి వస్తోందంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుండవచ్చు. దాన్ని పసిగట్టే అలారం ఇవాళే కొని, పడక గదుల దగ్గర పెట్టండి. ఇంట్లో వేరే హీటర్ లేకపోతే రెండు రోజులు తెలిసినవాళ్లింట్లో ఉండండి. వెళ్లేముందు నీటి మెయిన్ వాల్వ్ కట్టేసి, పైపుల్లో ఉన్న నీళ్లన్నీ వదిలేయండి. ఈ ఖర్చుకు ఇంకేదీ పోటీ కాదు.

ఇక డబ్బు సంగతి. ముందు కార్డు బాకీ మొత్తం కట్టేయండి. ఆ వడ్డీని మించిన రాబడి ఖాయంగా ఇచ్చే పొదుపు నాకు తెలిసి ఏదీ లేదు. మిగిలిన నాలుగు నెలల సొమ్ములో మూడు నెలలది వేరే ఖాతాలో వేసి, దాని జోలికి వెళ్లకండి. ఆదాయం తగ్గే నెలల్లోనే మీకు ఖర్చులు పెరుగుతున్నాయి. అందుకే మామూలు ఉద్యోగస్తుల కంటే మీకు ఈ నిధి ఎక్కువ అవసరం. వేసవి సంపాదనతో దాన్ని ఐదు నెలలకు పెంచండి.

ఇంటి మరమ్మతులకు మిగిలింది ఒక నెల సొమ్ము. అది చాలదని మీకు అనిపించవచ్చు. పైకప్పు మొత్తం మార్చడానికి చాలదు కూడా. కానీ మీ చూరు కారడానికి కారణం పైకప్పే అని నేననుకోవడం లేదు. గదుల్లోని వెచ్చటి గాలి సందుల్లోంచి పైకప్పు కింద ఖాళీగా ఉండే అటకలోకి చేరి, కప్పు మీది మంచును అడుగునుంచి కరిగిస్తుంది. ఆ నీరు చల్లగా ఉండే చూరు దాకా జారి మళ్లీ గడ్డకడుతుంది. ఆ మంచుగడ్డ ఆనకట్టలా అడ్డుపడితే, వెనక నిలిచిన నీళ్లు కప్పు పలకల కిందకి దూరతాయి. కొత్త కప్పు వేసినా అటక అలాగే ఉంటే మళ్లీ ఇదే కథ. మంచు పడిన మర్నాడు పొద్దున్నే బయట నిలబడి చూడండి. కప్పు మీద ఎక్కడ ముందుగా మంచు కరిగిందో ఆ మచ్చల్ని ఫొటో తీయండి. మీ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే పటం అదే. ముందు అటక నేల సందులు మూయించి, ఆ తర్వాతే దాని మీద ఇన్సులేషన్, అంటే వేడిని బయటికి పోనివ్వని పొర, వేయించండి. ఈ పనికి అయ్యే ఖర్చు కొత్త కిటికీలతో పోలిస్తే చాలా తక్కువ. కిటికీల అంచులకు ఈ ఏటికి రబ్బరు పట్టీ చాలు.

పైపుల పనీ ఇందులోనే అయిపోవాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. బయట సుమారు మైనస్ 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగిందంటే రక్షణ లేని పైపులకు ముప్పే. వాటికి స్పాంజిలాంటి ఫోమ్ తొడుగులు మీరే వేసుకోవచ్చు. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూడేళ్లుగా మీరు వీటిని ఆపదలు అనుకుంటున్నారు. నిజానికి ఇవి ఏటా వచ్చే బిల్లులు, తేదీ మాత్రమే తెలియదు. ఒక నోటు పుస్తకంలో పైకప్పు, నీళ్ల హీటర్, బావి పంపు, పొయ్యి, జనరేటర్ వరసగా రాయండి. ఒక్కోదాన్ని మార్చడానికి ఎంతవుతుందో, ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో పక్కన రాయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, మళ్లీ 12తో భాగించండి. ఉదాహరణకు కప్పుకు ఇంకో ఐదేళ్ల ఆయువుంటే, దాని ఖర్చులో 60వ వంతు ప్రతి నెలా పక్కకు పోవాలి. అన్నీ కూడితే వచ్చేదే మీ ఇంటి నెలసరి అద్దె అనుకోండి. చలికాలంలో సగమే వేయగలిగితే వేసవిలో ఒకటిన్నర రెట్లు వేయండి. కట్టెలు కూడా ఈ లెక్కలోవే. వచ్చే చలికాలపు కట్టెలు ఈ వసంతంలోనే కొని చీల్చి, గాలి తగిలేలా పేర్చండి. తేమ 20 శాతం లోపుకు దిగిన కట్టె ఎక్కువ వేడినిస్తుంది, మసి తక్కువ పెడుతుంది.

బీమా పాలసీ ఒకసారి పూర్తిగా చదవండి. పైపు హఠాత్తుగా పగిలి జరిగిన నష్టానికి సాధారణంగా పరిహారం ఉంటుంది. నెమ్మదిగా కారి కుళ్లిన గోడకు చాలా పాలసీల్లో ఉండదు. ఇల్లు వెచ్చగా ఉంచకుండా వదిలి వెళ్తే క్లెయిమ్ తిరస్కరించే షరతు కూడా ఉండొచ్చు. పొగగొట్టం, అటక పనుల బిల్లులు, ఫొటోలు దాచుకోండి.

అమ్మకం గురించి ఈ చలిలో నిర్ణయించకండి. పైన చెప్పిన పనులు చేయించి, రెండు చలికాలాలు ప్రతి ఖర్చూ రాయండి. ఆ నెలసరి మొత్తం, ఇంటి అప్పు వాయిదా, ఇంధనం కలిపి మీ ఏడాది ఆదాయపు నెల సగటులో మూడో వంతు దాటకపోతే ఇల్లు ఉంచుకోండి. రెండేళ్లూ దాటితే, మూడో చలికి ముందే, వేసవిలో బేరం పెట్టండి.