పిజ్జా అంగడికి ఏ చీజు?

చిరంజీవి లావణ్యకు, పెదనాన్న ఆశీస్సులు.

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో పిజ్జా అంగడి తెరిచేలోపే చీజు సంగతి తేల్చుకోమ్మా. ఫారిన్‌ది మేలా మనదా అని అడిగావు. అది రకాన్ని బట్టి ఉంటుంది.

కరిగి సాగాల్సిన మొజరెల్లాకి మనదే చాలు. అమూల్, మిల్కీ మిస్ట్ ఏదైనా సరే, బ్లాకే తీసుకో. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా సెల్యులోజో పిండో చల్లుతారు, అందుకే అది సరిగ్గా కరగదు. ఎనిమిది అంగుళాల పిజ్జాకు 70 గ్రాములు వెయ్యి. ఫ్రీజర్లోదాన్ని ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించు. ఎండలో పెట్టి కరిగిస్తే నీరు వదిలి పిజ్జా నడుమ చిత్తడవుతుంది. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించొద్దు. లేబుల్ మీద 'వెజిటబుల్ ఫ్యాట్' అని కనిపిస్తే అది అనలాగ్, పాలకొవ్వు చీజు కాదు. చవక అని చెప్పి అంటగట్టేది ఎక్కువగా అదే.

ఫారిన్‌ది నిజంగా గెలిచేది గట్టి చీజుల్లో. ఇటలీ పార్మిజానో రెజ్జానో కనీసం 12 నెలలు మాగుతుంది, తేమ తక్కువ కాబట్టి ప్రయాణానికీ తట్టుకుంటుంది. మన దగ్గర పార్మెజాన్ పేరుతో వచ్చేవాటిలో ఆ రుచి అరుదు. అయితే ఆ ఇటలీదానికి పాలను లేగదూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే ఎంజైముతోనే విరగ్గొడతారు. గ్రానా పడానో అనే ఇంకో ఇటలీ గట్టి చీజు కూడా అంతే. కొండకొచ్చే యాత్రికులు తినే ఊళ్ళో 'ప్యూర్ వెజ్' బోర్డు కింద అది చల్లకూడదు. కాబట్టి నీకు పచ్చచుక్క ఉన్న మన పార్మెజానే సరి. రుచి తగ్గిందనిపిస్తే ఇంకో చిటికెడు వెయ్యి.

బ్రీ లాంటి మెత్తని ఫారిన్ చీజుల జోలికి పోకు. చెన్నై నుంచి ఇక్కడికి వచ్చేలోగా ఒక్కచోట చల్లదనం తప్పినా అమ్మోనియా వాసన కొడుతుంది. కావాలంటే కొడైకెనాల్, బెంగళూరుల్లో చేసేవి తెప్పించుకో, తాజాగా ఉంటాయి.

సరుకు దించుకునేటప్పుడు ఉబ్బిన ప్యాకెట్టు తిప్పి పంపెయ్. ఫ్రిజ్ 4 డిగ్రీలు దాటనివ్వకు. మాగిన చీజులో కరకరలాడే తెల్లని చుక్కలు బూజు కాదు, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం పలుకులు, పారెయ్యకు. గట్టిదానికి నిజంగా బూజు పడితే చుట్టూ అంగుళం మేర కోసి తీసెయ్. తురిమినదానికో మెత్తనిదానికో పడితే మాత్రం మొత్తం పారబొయ్యి.

ఇట్లు,
పెదనాన్న