పెట్రోలు ఎక్కడికి పోయింది?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక చోట చిరాకేసింది, ఆ చిరాకుతోనే ఇది రాస్తున్నాను. 1940 సెప్టెంబరులో నీ జర్మన్ పైలట్ మెస్సర్‌ష్మిట్ 109 వేసుకుని లండన్ మీద అరగంటకి పైగా పోరాడి, ముగ్గుర్ని కూల్చి, తీరిగ్గా ఫ్రాన్స్‌కి తిరిగొచ్చాడు. ఎలా వచ్చాడయ్యా? ఆ విమానంలో పట్టేదే దాదాపు 400 లీటర్లు. కాపలాగా వెళ్తూ, నెమ్మదిగా పోయే బాంబర్లని వదిలిపోకుండా అటూ ఇటూ తిరుగుతూ లండన్ చేరేసరికి, పోరాడ్డానికి మిగిలేది పది పదిహేను నిమిషాలు. తర్వాత పెట్రోలు తగ్గిందని ఎర్రదీపం వెలుగుతుంది, ఇంటికి పోవాలంటే ఇంగ్లిష్ చానల్ దాటాలి. నీ కథంతా ఆ దీపం దగ్గరుంటే నువ్వు మేఘాల రంగుల మీద ఒకటిన్నర పేజీ ఖర్చు పెట్టావు!

ఫైటర్ విమానాల కథకి ప్లాట్ ట్యాంకులోనే దొరుకుతుందని నా నమ్మకం, మొండితనం అనుకున్నా సరే. దూరం కావాలంటే ఇంకేదో వదులుకోవాలి. జపాన్ వాళ్ళ జీరో ఫైటర్ చూడు. 1942 ఆగస్టు 7న పసిఫిక్‌లో వాళ్ళ స్థావరం రబౌల్ నుంచి గ్వాడల్‌కెనాల్ దీవికి, ఒక వైపే వెయ్యి కిలోమీటర్లు, వెళ్ళి పోరాడి తిరిగొచ్చింది. అంత దూరం పోయేలా బరువు ఎలా తగ్గించారంటే పైలట్‌కి కవచం లేదు, తూటా పడితే తనంతట తాను పూడుకునే ట్యాంకు లేదు, అందుకే తగిలితే భగ్గుమనేది. ఆ రోజే సాకాయి సబురో అనే జీరో పైలట్ తలకి గాయమై, ఒక కన్ను కనపడకుండానే నాలుగు గంటలకు పైగా నడిపి రబౌల్ చేరాడు. తర్వాత వచ్చిన జీరో మోడల్ 32లో ఇంజను బలం పెంచారు, అది పెద్దదై పెట్రోలు చోటు తినేసింది, రబౌల్ నుంచి ఆ దూరం వెళ్ళలేకపోయింది. బలమైన ఇంజను తెచ్చి యుద్ధానికి అందకుండా పోవడం, ఇంతకంటే కథేం కావాలి నీకు?

ఒకప్పుడు ఒక వారపత్రిక ఎడిటర్ నా కథలో ఇంధనం లెక్కలున్న పేరాలన్నీ కొట్టేసి, పైలట్‌కి ఒక ప్రియురాల్ని పెట్టమన్నాడు. పెట్టనన్నాను. ఆ కథ ఏళ్ళ తరబడి నా పెట్టెలోనే పడుంది, అప్పుడు నాకు ఆ డబ్బు ఎంత అవసరమో ఆయనకేం తెలుసు. ఇప్పుడు ప్రియురాలు పోయి, ప్రతి పైలట్‌కీ చిన్నప్పటి మానసిక గాయం ఒకటి ఉండాలట.

నీ రెండో కథలో అమెరికా వాళ్ళ ముస్టాంగ్ ఫైటర్ ఉందన్నావు కదా, ఇది గుర్తుపెట్టుకో. పైలట్ వెనక 85 గ్యాలన్ల ట్యాంకు పెట్టి దాన్ని బెర్లిన్ దాకా పంపారు. కానీ ఆ ట్యాంకు నిండుగా ఉంటే బరువు వెనక్కి పోయి, గట్టిగా మలుపు తిప్పితే విమానం చేతిలో ఉండదు. అందుకని ముందు అందులోదే చాలావరకు తాగించి, ఆ తర్వాత రెక్కల కింద వేలాడే ట్యాంకులకి మారేవాళ్ళు. వెనక ట్యాంకు ఇంకా నిండుగా ఉండగానే శత్రువు మీద పడితే ఏమవుతుందో రాయి, చదువుతాను.

కలం పేరు సంగతి నీ ఇష్టం. మెకానిక్ చేతులు తుడుచుకునే పేరా మాత్రం ముట్టుకోకు, అది బాగుంది. ఎంత నింపాడో కూడా అతని చేతే చెప్పించు.