ఏ రొట్టె పట్టుకుంటారని అడుగు

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెల్లూరులో భార్యాభర్తలకు కౌన్సెలింగ్ మొదలుపెట్టావని, తొలి జంటకే రాజీ కుదర్చలేకపోయావని నీ ఉత్తరంలో చదివాను. రాజీకి తొందరపడడమే పొరపాటని నా అభిప్రాయం. తొలి ఏళ్లలో నేనూ అదే చేశాను. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే ఒకతను జీతంలో సగం తన తండ్రి పొగాకు బ్యారన్ (ఆకును ఆరబెట్టే కొట్టం) కోసం చేసిన అప్పుకు పంపుతుంటే, ఇంటిస్థలం కొనాలన్న భార్య గొడవపడేది. నేను లెక్కగట్టి డబ్బును పంచి పంపించాను, మూడు నెలలకు ఇద్దరూ మరింత కోపంతో తిరిగివచ్చారు.

రెండోసారి లెక్కల జోలికి పోలేదు. ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె పట్టుకుంటారు కదా, మీ నెల్లూరు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగితే ఏ రొట్టె పట్టుకుంటారని అడిగాను. ఆమె సొంతింటి రొట్టె అంది. అతను చాలాసేపు ఊరుకుని, అప్పు తీరే రొట్టె ఉంటే అదే అన్నాడు. ఎందుకని అడిగితే, తన చదువు కోసం తండ్రి ఎడ్లను అమ్మిన సంగతి అతనూ, అద్దె కట్టలేక చిన్నతనంలో తమ సామాను వీధిన పడిన సంగతి ఆమె చెప్పుకున్నారు. ఆరేళ్ల కాపురంలో ఒకరి సంగతి మరొకరికి తెలియదు. ఎవరి ముందూ తల దించకుండా బతకాలన్న కోరిక ఇద్దరిదీ ఒకటేనని నాకు తట్టినా నోరు మెదపలేదు. మరుసటి వారం ఆ మాట ఆమె నోటనే వచ్చింది. అర్థాన్ని ఎవరికి వారు వెతుక్కోవలసిందే తప్ప మరొకరు ఇవ్వలేరని మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ చెప్పింది ఇందుకే కాబోలు.

దంపతుల తగవుల్లో 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తెగనివేనని అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ పరిశోధనలో తేలింది. అందుకే తగవు అడుగున ఉన్న కలను వెతకమంటాడాయన. ఈ జంట విషయంలోనూ పంపే మొత్తం పెద్దగా తగ్గలేదు. ఆదివారం చేపల పులుసు తిన్నాక ఇద్దరూ కలిసి ఖర్చులు రాసుకోవడం మాత్రం అలవాటైంది. అది వాళ్లే పెట్టుకున్నది, నేను చెప్పింది కాదు.

ఇంట్లో దెబ్బలున్నాయని అనుమానం వస్తే ఈ పద్ధతి పక్కన పెట్టు. భర్త ఎదుట మనసు విప్పమనడం భార్యకు ప్రమాదం. విడిగా మాట్లాడి, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారి ఉంటారని చెప్పు. కాబట్టి మొదటి రోజున ఇద్దరితోనూ వేరువేరుగా కొంతసేపు కూర్చో.

ఇట్లు
పెద్దమ్మ