ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికి వస్తాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది కాబట్టి ఎండాకాలం వస్తుంది అన్నాడు. కాదు నాన్నా, భూమి అక్షం వంగి ఉండటం వల్ల అని చెప్పాను. పరీక్షలో సరిగ్గానే రాశాడు, మార్కులూ వచ్చాయి. మొన్న వాళ్ల చెల్లికి మాత్రం మళ్లీ పాత మాటే చెప్తున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదా అని టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: బాగానే ఎక్కిందండీ, కానీ అక్కడ అప్పటికే ఇంకొకటి పాతుకుపోయి ఉంది. పొయ్యి దగ్గరికి వెళ్తే వేడి, దూరం జరిగితే తగ్గుతుంది అని పసితనం నుంచీ ఒంటితో తెలుసుకున్నాడు, దాన్నే సూర్యుడికీ అన్వయించాడు. ఆలోచించే పిల్లలే ఇలాంటి తప్పు చేస్తారు. మీ జవాబును పరీక్ష కోసం పక్కన పెట్టుకున్నాడు, అంతే.

ఈసారి జవాబు చెప్పకుండా, "నువ్వన్నట్టే అయితే భూమి మీద అందరికీ ఒకేసారి ఎండాకాలం రావాలి కదా?" అని అడగండి. ఏటా డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో టెస్టు మ్యాచ్ మొదలవుతుంది, అక్కడ జనం టోపీలు పెట్టుకుని ఎండలో కూర్చుంటారు, ఇక్కడ మనం దుప్పట్లు కప్పుకుని చూస్తాం, ఇదెలా? కాసేపు తికమకపడనివ్వండి, దయచేసి తొందరపడకండి. ఆ తర్వాత చెప్పండి, భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో అని. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు.

ఇంకో చిక్కుంది, పంతుళ్లు కూడా చాలాసార్లు గమనించరు. అక్షం వంపు గురించి విన్న పిల్లలు "ఓహో, వంగిన వైపు సూర్యుడికి దగ్గరవుతుందన్నమాట" అని కొత్త మాటను పాత నమ్మకంలోనే కలిపేసుకుంటారు. పేపర్లో 23.5 డిగ్రీలు అని రాసి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. భూమి మొత్తం వ్యాసమే 12,700 కిలోమీటర్లు, పదిహేను కోట్ల ముందు అదెంత! "సరే, వంగితే ఏమవుతుంది?" అని మీరు ఇంకో ప్రశ్న వేస్తేనే ఇది బయటపడుతుంది.

వంపుతో మారేది ఎండ పడే తీరు. టార్చిలైటును కాగితం మీద నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేయించండి, ఏటవాలు వెలుగు ఎక్కువ చోట పరుచుకుని పలచబడటం వాడే చూస్తాడు. మేడ మీద మీటరు కర్ర నిలబెట్టి మిట్టమధ్యాహ్నం నీడ కొలవమనండి. సంక్రాంతికి మీ ఊళ్లో దాదాపు 80 సెంటీమీటర్లు ఉంటుంది, మే రెండో వారంలో నీడే కనిపించదు. పైగా జూన్‌లో పగలు డిసెంబరు కంటే రెండు గంటలు ఎక్కువ.

చెల్లి ముందు మాత్రం తప్పు పట్టకండి, ఒకసారి నవ్వితే మనసులో ఉన్నది ఇక పైకి చెప్పడు. టార్చి వాడి చేతికే ఇచ్చి చెల్లికి చూపించమనండి. నెల తర్వాత మళ్లీ అడగండి, పాత మాటే వస్తే కర్ర దగ్గరికి తీసుకెళ్లండి.