అండమాన్ ఓడలో భోజనం: ధర, రుచి

విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్లే ఓడలో భోజనం ఖరీదుకు తగినట్టు ఉంటుందా అన్నది ప్రశ్న. సుమారు 1,200 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి రెండున్నర రోజులు పడుతుంది. దారిలో సరుకు నింపుకునే రేవు ఉండదు కనుక, బియ్యం మొదలు కొత్తిమీర దాకా అన్నీ విశాఖలోనే ఎక్కించుకోవాలి. అందుకే మొదటిరోజు కనిపించిన ఆకుకూర మూడోనాటికి మాయమై, బంగాళదుంప, పప్పు మిగులుతాయి. ఓడ వంటగదిలో సాధారణంగా గ్యాస్ మంట ఉండదు. విద్యుత్ పొయ్యిల మీద, ఊగినప్పుడు గిన్నెలు జారకుండా చుట్టూ ఇనుప కమ్మీలు బిగించి వండుతారు. కాబట్టి ఇంటి పోపు ఘుమఘుమలు ఆశించడం, నా దృష్టిలో, అత్యాశే.

ధర విషయానికొస్తే, నడిసముద్రంలో పోటీకి మరో హోటల్ ఉండదు. పైగా కెరటాల తాకిడికి వాంతులై సగంమంది తినకపోయినా వంటవాళ్ల జీతం, నిల్వ ఖర్చు తగ్గవు. చవక టికెట్‌తో వరుస పడకల్లో వెళ్లే బంకు తరగతివారు విశాఖలోని పూర్ణా మార్కెట్‌లో అరటిపళ్లు, అటుకులు కొనుక్కుని, మొదటిరోజుకు పులిహోర కట్టుకుంటే మేలు. చింతపండు పులుపు వల్ల పులిహోర నిలుస్తుంది. పెరుగన్నం మాత్రం మర్నాటికే పులిసిపోతుంది.