కల్లు మండువ చరిత్ర రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊరి కల్లు మండువ మీద, అంటే కల్లు అమ్మే, జనం కూర్చుని తాగే చోటు మీద, నీవు రాసి పంపిన తొలి ప్రతి చదివాను. వాక్యం నీకు పట్టుబడింది, అందులో సందేహం లేదు. అయితే ఆ పుటల నిండా సాయంత్రాలే ఉన్నాయి. చెట్టు నీడ, పీటల మీద ముసలివాళ్ళు, గుడాలు అమ్మే ఆమె, మధ్యమధ్య ఒక పాట. సాయంత్రం వచ్చి కూర్చుని లేచిపోయేవాడికి మండువలో కనిపించేది అంతే. దాని చరిత్ర రాయదలచినవాళ్ళు పొద్దు పొడవకముందే చెట్టు దగ్గరికి వెళ్ళాలి.

మోకు అనే తాడును చెట్టుకూ తన నడుముకూ చుట్టి, పాదాలకు గుజి అనే బంధం తగిలించుకొని పైకెక్కిన గీత కార్మికుడు, గెల కొనను కత్తితో పలచగా ఒక్క పొర చెక్కి, కల్లు పట్టే లొట్టిని మళ్ళీ కట్టి దిగుతాడు. చెక్కు లోతైతే గెల పాడవుతుంది, చెక్కకపోతే ధార ఆగిపోతుంది. అందుకే ఎండైనా వానైనా రోజుకు రెండు మూడు సార్లు ఎక్కి దిగవలసిందే. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మరునాటికి నోట పెట్టలేము. నిలవ ఉంచి దూరాన అమ్ముకునే సరుకు కాదు గనుకనే, కల్లు దిగిన చోటికి జనం రావలసి వచ్చింది. మీ మండువ ఊరందరి చోటు కావడానికి మొదటి కారణం అక్కడివాళ్ళ స్నేహశీలం కాదు, ఈ పులియడమే. తాటికల్లులోనే పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అంటూ చెట్టును బట్టి, కాలాన్ని బట్టి కల్లు మారుతుంది. ఈతకల్లు తీరు వేరు. మీ మండువ ఏ నెలల్లో నిండుతుందో, ఏ నెలల్లో వెలవెలబోతుందో ముందు తెలుసుకో.

తరువాత కాగితాలు. నిజాం రాజ్యంలో ఖజానాకు ఆబ్కారీ, అంటే కల్లు, సారాల మీది పన్ను, పెద్ద ఆదాయం. కల్లు అమ్మే హక్కును వేలంలో పాడుకున్న గుత్తేదారు ఒకడు, ప్రాణానికి తెగించి చెట్టెక్కేవాడు ఇంకొకడు. గీత కార్మికుల సహకార సంఘాలు, చెట్టుకు ఇంతని వ్యక్తిగత లైసెన్సులు తరువాతి కాలపు మాట. మీ మండువ ఎప్పటిదని ఊళ్ళో అడిగితే "మా తాతలనాటిది" అంటారు. ఆ మాటను అలాగే రాసుకో, కాని సంఘం తీర్మానాల పుస్తకమూ పాత ఆబ్కారీ రిజిస్టరూ చూడకుండా సంవత్సరం మాత్రం వేయకు. కాగితానికీ పక్షపాతం ఉంటుందని మరచిపోకు. కల్లు గీసే గౌడ కులంలో పుట్టిన ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న 1708లో వరంగల్లు మీద పడిన సంగతిని రాసిన మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ కళ్ళకు అతడొక దోపిడీదారు. అదే మనిషిని గౌడుల ఇళ్ళలో, పల్లె గాయకుల నోట వీరుడిగా వింటాము. నీకు ఇలాంటి రెండు సాక్ష్యాలు దొరికితే రెండింటినీ పక్కపక్కన పెట్టు. తీర్పు చెప్పాలన్న తొందర వద్దు.

మండువను రాజకీయాలకు దూరంగా ఉన్న చోటుగా చూపావు. ఆంధ్ర రాష్ట్రంలో మద్యనిషేధం వలన బతుకుతెరువు పోయిన గీత కార్మికుల గొడవ ముదిరి, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఇంకొక సంగతి: నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన పోరాటం ఫలితంగా 1993లో నిషేధమైనది సారా, కల్లు కాదు. నీ రాతలో ఈ రెండూ కలిసిపోయాయి. ఒకటి పులిసేది, ఒకటి కాచేది. తాగేవాడి ఒంటికీ, అమ్మేవాడి లాభానికీ, ఇంట్లో ఎదురుచూసే ఆడవాళ్ళకూ ఆ తేడా చాలా పెద్దది.

"అందరూ సమానంగా కూర్చునే చోటు" అని రాశావు. ఈ మాట నీకు ఎవరు చెప్పారో, వారి పీట ఎక్కడ ఉండేదో అడిగావా? పాత మండువలలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి పాత్రను ఎవరు ముట్టకూడదో కులమే చెప్పేది. తాటాకు రేకను దొప్పగా మడిచి, రెండు చేతులా పట్టుకొని, పైనుంచి ధార పడుతుండగా ఊపిరి బిగబట్టి తాగడం నేటి పట్నవాసులకు ఒక సరదా. ఫొటోలు కూడా దిగుతారు. ఆ రేక ఒకనాడు కొందరికి అలవాటు, కొందరికి హద్దు. ఎవరికి ఏదో ఇప్పటికీ చెప్పగల వృద్ధులు మీ ఊళ్ళో ఉన్నారు, వారు ఉండగానే అడుగు. నాటు వేసి వచ్చి ఒళ్ళు నొప్పులకు ఇంత కల్లు తాగి ఇంటికి పోయే కూలి స్త్రీలు నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. మగ రచయితకు చెప్పని మాటలు వాళ్ళు నీకు చెబుతారు. బోనాలప్పుడు పోచమ్మకు ఆరబోసే కల్లు సాక, ఎల్లమ్మ పండుగ, చావింటికి వెళ్ళే కల్లు, తగవు తీరినప్పుడు తప్పు కింద కట్టించిన కల్లు, వీటి వివరాలు కూడా వాళ్ళకే ఎక్కువ గుర్తుంటాయి.

నీకు రాయడం ఇష్టం లేని భాగం ఒకటి మిగిలింది. ఉమ్మడి రాష్ట్రంలో మూతపడిన హైదరాబాదు కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకున్నాయి. నగరంలో గిరాకీకి తగినన్ని చెట్లు లేవు. చెట్టు ఇవ్వలేనిదాన్ని కొందరు క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలం అనే మత్తుమందులతో పూడ్చారు. 2015లో నిజామాబాదు ప్రాంతంలో తనిఖీలు గట్టిపడి ఆ మందుకల్లు దొరకకపోయేసరికి, దానికి అలవాటుపడినవాళ్ళు మూర్ఛలతో, మతి చెదిరి ఆసుపత్రుల పాలయ్యారు. మీ మండువ అటువంటిది కాదని నీవు నమ్ముతున్నావు, కావచ్చు. కాని నమ్మకాన్ని రాయకు, లెక్క వేయి. చుట్టుపక్కల గీస్తున్న చెట్లు ఎన్ని, ఒక్కొక్కటి ఈ కాలంలో ఎంత ఇస్తుంది, మండువలో రోజుకు ఎన్ని సీసాలు ఖాళీ అవుతున్నాయి? మూడు అంకెలూ పొసగితే సంతోషంగా రాయి. పొసగకపోతే ఆ సంగతీ రాయి, ఎవరినీ పేరుపెట్టి నిందించకుండా.

చెట్టు మీదనుంచి పడినవాళ్ళ గురించి కూడా విచారించు. గౌడుల దైవం కాటమయ్య పేరిట ప్రభుత్వం 2024లో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి మీ ఊరికి చేరాయా, చేరితే వాడుతున్నారా, అటకెక్కించారా? అంతకుముందు ఎవరు పడ్డారు, వారి కుటుంబాన్ని మండువలో రోజూ కూర్చునేవాళ్ళు ఎలా ఆదుకున్నారు, అసలు ఆదుకున్నారా? ముందు ఈ భాగం రాసి పంపు. పాటల సంగతి తరువాత చూద్దాం.