కాటా మాట నమ్మకు, జబ్బ పట్టుకుని చూడు

అమలాపురం

చి.ల.సౌ. మేనకోడలికి,

అత్తయ్య దీవెనలు. మొన్న ఫోన్లో మీ మావగారి గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయిందని ఎకోలో తేలిందన్నావు. మందులు రాశారు, ఇంటికి తెచ్చుకున్నారు. అంతవరకూ బానే ఉంది. చివర్లో "బరువు మాత్రం తగ్గలేదత్తయ్యా, 60కి 60 అలాగే ఉన్నారు" అని సంబరంగా అన్నావు చూడు, నాకు ముల్లు గుచ్చుకుంది అక్కడే. ఫోన్లో చెబితే సగం నువ్వు వింటావు, సగం నీ కొడుకు ఏడుపుకి పోతుంది. అందుకే రాస్తున్నా.

వార్డుల్లో 30 ఏళ్ళు చాకిరీ చేసినదాన్ని, మీ మామ్మ దగ్గరికొచ్చేసరికి నేనే మోసపోయాను. ఆవిడకి గుండె జబ్బని తెలిసిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే కాటా ఎక్కించేదాన్ని. 52 కిలోలు. నెల పోయాక 52. మూడో నెలలోనూ 52. ఏమీ తినకపోయినా ఒళ్ళు నిలిచిందిలే అనుకున్నాను. నాలుగో నెల్లో ఒక రోజు "కాస్త జడ వెయ్యవే" అంది. ఎప్పుడూ ఎవరిచేతా వేయించుకునే మనిషి కాదు. చెయ్యి పైకెత్తబోతే గాజులు మోచేతి దాకా జారిపోయాయి. అప్పుడు జబ్బ పట్టుకుని చూశాను, గుప్పెట్లోకి వచ్చేసింది. ఆస్పత్రిలో చేర్చి నీరు తీసే ఇంజెక్షన్లు వారం రోజులు ఇచ్చాక కాటా 44 చూపించింది. ఆ 8 కిలోల కండ ఆ వారంలో పోయింది కాదమ్మా. పైన కండ కరుగుతుంటే కింద కాళ్ళలో, పొట్టలో నీరు చేరుతూ లెక్క సరిపెట్టింది. కాటాకి కండేదో నీరేదో తెలియదు కదా.

ఎందుకిలా అవుతుందో నీకు తెలియాలి. తెలిస్తేనే మీ అత్తగారి ముందు నోరు విప్పగలవు. మన ఊళ్ళో తాటాకు పాక గుర్తుందా? వానలకి ముందు కుళ్ళిన ఆకు లాగేసి కొత్తాకు కప్పేవారు. ఒంట్లో కండ కూడా అంతే, కాకపోతే ఏడాదికోసారి కాదు, రోజూ. కండలో ఉన్న ప్రోటీను కొంత విరుగుతుంది, తిన్న తిండిలోంచి అంత కొత్తది తయారవుతుంది. గుండె జబ్బులో ఆకు లాగేవాళ్ళు ఎక్కువైపోతారు, కప్పేవాళ్ళు తగ్గిపోతారు. అంతే కథ.

ఆ లాగేవాళ్ళెవరో కూడా కనిపెట్టారు. కొట్టెయ్యాల్సిన చెట్టుకి సున్నంతో గుర్తు పెడతారే, అలా పనికిరాని ప్రోటీనుకి ఒంట్లో యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీను అంటుకుంటుంది. ఆ గుర్తు పడ్డదాన్ని ప్రోటియాజోమ్ అనే గొట్టం లాంటిది లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఈ ఏర్పాటుని బయటపెట్టినందుకే సీకనోవర్, హెర్ష్కో, రోజ్ అనే ముగ్గురికి 2004లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. కండలో ఈ గుర్తు పెట్టించే ఎంజైములు రెండింటిని, మర్ఫ్-1, అట్రోజిన్-1 అని, 2001లో గుర్తించారు. మంచం పట్టినా, తిండి మానినా, ఒంట్లో లోలోపల మంట (ఇన్ఫ్లమేషన్) రగులుతున్నా ఇవి రెచ్చిపోతాయి. గుండె నీరసించినప్పుడు రక్తంలో టీఎన్‌ఎఫ్ అనే, ఆ మంట రేపే ప్రోటీను పెరుగుతుంది. మనిషిని శుష్కింపజేసేది అన్న అర్థం వచ్చేలా దానికి ఒకప్పుడు కాకెక్టిన్ అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. గుండె బలహీనపడిందని ఒళ్ళు బెదిరిపోయి వదిలే యాంజియోటెన్సిన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు కూడా విరగ్గొట్టేవాళ్ళ పక్షమే. అందుకే యాంజియోటెన్సిన్ దారిని అడ్డుకునే ఎనలాప్రిల్ లాంటి మాత్రలు వాడినవాళ్ళలో బరువు పడిపోవడం తక్కువగా కనిపించింది. "బీపీ తక్కువే ఉందిగా, ఈ మాత్ర ఎందుకు" అని మీ మావగారు మానేస్తానంటే ఈ ముక్క చెప్పు. ఏ మాత్రా డాక్టరుగారి మాట లేకుండా ఆగకూడదు.

ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. నాలుగు మెట్లెక్కితే వచ్చే ఆయాసమంతా గుండెదే అనుకుంటాం. ఈ జబ్బులో తొడ కండల తీరే మారిపోతుంది. ఎక్కువసేపు ఓర్చుకునే పోగులు తగ్గి, గభాల్న పనిచేసి గభాల్న అలిసిపోయే పోగులు పెరుగుతాయి. కాళ్ళు అలిసిపోయి ఊపిరిని తరుముతాయి. మందులతో పంపింగ్ కాస్త మెరుగైనా మనిషి "నావల్ల కాదమ్మా" అనడం అందుకే. గుండె కండలోనూ ప్రోటీన్లు విరిగి కొత్తవి వస్తూనే ఉంటాయి గానీ, కొత్త కణాలు పుట్టడం మాత్రం పిసినారి వ్యవహారం. పాతికేళ్ళ వయసులో ఏడాదికి నూటికి ఒకటి, 75 ఏళ్ళకి అందులో సగం కూడా లేదు. కాళ్ళ కండ అలా కాదు. తిండి పెట్టి పని చెబితే ముసలితనంలో కూడా మాట వింటుంది. మన చేతిలో ఉన్నది అదే.

ఇప్పుడు పథ్యం సంగతి. గుండె జబ్బనగానే పప్పు వాతం, గుడ్డు వేడి, చేప బరువు అని మూడూ మాన్పించి జావా, బ్రెడ్డూ, ఇడ్లీ పెడుతున్నారని చెప్పావు. అదే కొంప ముంచేది. ముందు డాక్టరుగార్ని ఒక్క మాట అడుగు: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత, ప్రోటీను తగ్గించాలా అని. కిడ్నీలు బాగానే ఉన్నాయంటే, ఈ జబ్బున్నవాళ్ళకి కిలో బరువుకి రోజుకి కనీసం 1.1 గ్రాముల ప్రోటీను కావాలి. 60 కిలోలకి 66 గ్రాములు. భయపడకు, లెక్క చూడు. రెండు గుడ్లు 12. చేప ముక్కలు 100 గ్రాములు, దాదాపు 19. రెండు పూటలా కలిపి కందిపప్పో పెసరపప్పో 60 గ్రాములు వండితే 14. పాలో పెరుగో ఒక గ్లాసు 8. రోజుకి 200 గ్రాముల బియ్యం వండితే అందులోనూ 14 ఉంటాయి. 67 వచ్చిందా? వేరే డబ్బాల పొడులేవీ కొననక్కర్లేదు. అంతా మధ్యాహ్నమే కుక్కెయ్యకు. పేగులకీ కాలేయానికీ నీరు పట్టినవాళ్ళకి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. పొద్దున ఇడ్లీతో ఒక గుడ్డు, పదకొండింటికి మజ్జిగ, ఇలా విడదీసి అయిదారుసార్లు పెట్టు. నీళ్ళు ఇంతే తాగాలని కొలత చెప్పి ఉంటే ఆ మజ్జిగా, పాలూ కూడా అందులోవే.

చేపంటే పులసే అక్కర్లేదు. పుస్తెలమ్మైనా తినాలంటారు గానీ, కండ మాటకొస్తే చెరువులో శీలావతికీ బొచ్చెకీ ఉన్న బలమే దానికీ. వరదలొచ్చాక ఆయన నాలిక లాగితే ఒక ముక్క పెట్టు, పులుసు మాత్రం గిన్నెలో వదిలెయ్. ఉప్పు ఎక్కువగా పులుసులోనే ఉంటుంది. ఎండుచేప, ఆవకాయ, అప్పడం, చల్లమిరపకాయ, ఈ నాలుగింటినీ ఇంట్లో ఆయన కంటబడనివ్వకు. ఉప్పు పెరిగితే నీరు చేరుతుంది, నీరు చేరితే ఆకలి చస్తుంది, ఆకలి చస్తే కండ పోతుంది.

కొబ్బరినీళ్ళ గురించి మా కోనసీమవాళ్ళు వింటే నన్ను ఊళ్ళోంచి తరిమేస్తారు. అయినా చెబుతున్నా, అడక్కుండా పట్టకు. అందులో పొటాషియం జాస్తి. గుండెకిచ్చే మాత్రల్లో కొన్ని ఒంట్లో పొటాషియాన్ని పట్టి ఉంచుతాయి. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పు సంగతీ అంతే.

మంచం. దీనికి నేను మీ అత్తగారితో పోట్లాడమన్నా పోట్లాడమంటాను. ఆవిడ ప్రేమకొద్దీ "పడుకోండి, లేవకండి" అంటోంది. ఏ జబ్బూ లేని ముసలివాళ్ళని పది రోజులు మంచం దిగనివ్వకుండా ఉంచి చూస్తే కాళ్ళలోనే కిలో దాకా కండ పోయింది. జబ్బు మనిషి సంగతి నువ్వే ఊహించుకో. నులక మంచం తీసెయ్, అందులోంచి లేవడం మనకే కష్టం. చేతులున్న చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, పట్టుకోకుండా లేచి కూర్చోమను. మొదట మూడుసార్లు, తర్వాత అయిదు, పొద్దునా సాయంత్రం. సాయంత్రం కాలవ గట్టు మీద కాసేపు నడిపించు. నడుస్తూ నీతో మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే ఆగాలి. గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం, పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటే ఆ రోజు నడకా లేదు, కుర్చీ లేదు, డాక్టరుగారికి ఫోను.

కాటా మానెయ్యమనలేదు సుమా. పొద్దున్నే ఒంటేలుకి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు ఎక్కించు. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది నీరు, ఆ రోజే ఆస్పత్రికి చెప్పాలి. వాపు లేకుండా ఏడాదిలో 5 శాతం తగ్గితే, అంటే ఈయనకి 60 పోయి 57 అయితే, కండ పోతోందని అనుమానించు. కాటాతో పాటు దర్జీ టేపు పెట్టుకో. జబ్బ మధ్యలో నెలకోసారి ఒకే చోట కొలిచి కాలెండరు మీద రాయి. పిక్క మగవాళ్ళకి 34 సెంటీమీటర్లకి తగ్గకూడదంటారు గానీ, వాపున్న కాలుని కొలిస్తే మళ్ళీ మోసమే. కుర్చీలోంచి అయిదుసార్లు లేవడానికి 12 సెకన్లు దాటుతోందా చూడు. తువ్వాలు తనే పిండుకుంటున్నారా, వాచీ బెల్టు ఎన్నో కన్నంలో పడుతోంది, ఇవీ చూస్తుండు.

మీ అత్తగారికి ఇదంతా నువ్వు చెబితే "నిన్నగాక మొన్నొచ్చి" అంటుంది. ఈసారి చూపించడానికి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళు. "గుడ్డు పెట్టొచ్చా అండీ" అని ఆవిడ చేతే అడిగించు. డాక్టరుగారు పెట్టమంటే ఇక ఆవిడే పొద్దున్నే ఉడకేస్తుంది, నీకా పనీ తప్పుతుంది.

వచ్చే ఆదివారం దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లు బస్సులో వస్తాను. టేపు నేనే తెస్తాను, నువ్వు చెక్క కుర్చీ అటక మీంచి దింపించి కాళ్ళు ఊగుతున్నాయేమో చూడు.

మీ మేనత్త